అక్క బిడ్డను మోసిన వేసవి

ఆ ఏడు ఉగాది నాటికి నాకు ఏడో నెల. కడుపులో ఉన్నది మా అక్క బిడ్డ.

ఇప్పుడైతే ఈ మాట ఇలా చెప్పేస్తున్నాను. 2008లో జగ్గయ్యపేటలో, మా వీధిలో, ఎవరికీ చెప్పలేదు. మా ఆయన నవీన్‌బాబు ఊరి బయట సిమెంటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఇంట్లోవాళ్ళకి తప్ప బయటికి పొక్కకూడదన్న ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు. అడిగినవాళ్ళకి, రెండో బిడ్డను అక్కకి పెంపకానికి ఇస్తున్నామని చెప్పాం. పెంపకం అంటే ఎవరికైనా అర్థమవుతుంది. "పోన్లే, మంచిపని" అనేవాళ్ళు.

మా అక్క కమలాకుమారి నందిగామలో టీచరు. మొదటి కాన్పులోనే బిడ్డ పోయింది. రక్తం ఆగక, అక్కని బతికించడానికి గర్భసంచి తీసేశారు. తర్వాత కొన్నేళ్ళకి విజయవాడలో ఒక డాక్టరమ్మ, "బిడ్డ మీ ఇద్దరిదే అవుతుంది, మోయడానికి మాత్రం ఇంకొకరు కావాలి" అని చెప్పిన రోజున, అక్క నందిగామలో దిగకుండా అదే బస్సులో మా పేట దాకా వచ్చేసింది. నన్ను ఏమీ అడగలేదు. డాక్టరమ్మ చెప్పింది చెప్పి, కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చుంది. "నేనున్నాగా" అన్నది నేనే.

మా అత్తగారు బసవమ్మ వంటింట్లోంచి అంతా వింది. అక్క వెళ్ళిపోయాక నాతో, "నీ ఒళ్ళు, నీ అక్క. నన్ను మధ్యలోకి లాగొద్దు. తేడా వస్తే మాత్రం పోయేది నీ ఒళ్ళే, అది గుర్తుపెట్టుకో" అంది. ఆ తర్వాత ఆవిడ ఆ ఊసే ఎత్తలేదు. పొద్దున్నే పాలు కాచి నా ముందు పెట్టి వెళ్ళిపోయేది.

అక్క ఆదివారం ఆదివారం వచ్చేది. ఎండ ముదరకముందే, మొదటి బస్సుకి. తాటిముంజలో, రసం మామిడిపళ్ళో, ఏదో ఒకటి సంచినిండా తెచ్చేది. నేను మంచం మీద ఒరిగితే తను కింద చాప మీద కూర్చుని, నా పొట్ట మీద చెయ్యేసి, లోపలి బిడ్డకి ఆ వారం సంగతులన్నీ చెప్పేది. స్కూల్లో ఎవరు ఎవర్ని కొట్టారో, బావ కొట్టులో ఎలుక దూరి విత్తనాల బస్తా ఎలా కొరికిందో. మా అమ్మాయి యశస్వి రెండో తరగతి. అది పొట్టకి చెవి ఆనించి, "పెద్దమ్మా, నవ్వుతోంది!" అని అరిచేది.

అలాంటి ఒక ఆదివారమే అక్క నాకు "ఒడి" గురించి చెప్పింది. అది నెట్‌లో ఆడవాళ్ళు తెలుగులో మాట్లాడుకునే చోటు. పిల్లల్లేనివాళ్ళు, పోగొట్టుకున్నవాళ్ళు, మందులు వాడుతున్నవాళ్ళు అందులో రాసుకుంటారు. ఎవరూ సొంత పేర్లు పెట్టుకోరు. అక్క పేరు అక్కడ నందివర్ధనం. బావ చిన్నబాబు విత్తనాల కొట్టు లెక్కల కోసమని కంప్యూటరు కొంటే, రాత్రిపూట అక్క దాని ముందు కూర్చునేది.

"నాకు గర్భసంచి తీసేసినప్పుడు స్టాఫ్‌రూంలో ఒక్కళ్ళు నోరు విప్పి మాట్లాడలేదే ప్రియా. జాలిగా చూసేవాళ్ళు, అంతే. ఒడిలో వాళ్ళు మొహం తెలియకపోయినా మాట్లాడారు. నేను బతికున్నానంటే వాళ్ళ చలవే" అంది. "నీ గురించి చెప్పా. అందరూ నీకు దణ్ణం పెట్టారు తెలుసా?"

"నాకెందుకే దణ్ణాలు" అన్నాను గానీ లోపల సంతోషంగానే ఉంది. ఎక్కడెక్కడో ఉన్న ఆడవాళ్ళు నా కోసం ఒక మంచిమాట అనుకుంటున్నారంటే ఎవరికి బాగుండదు?

మే నెల వచ్చింది. మా ప్రాంతంలో ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. సున్నపురాయి క్వారీల వేడి, ఫ్యాక్టరీ దుమ్ము, రెండూ కలిసి మధ్యాహ్నానికి గోడలు కూడా ముట్టుకోలేం. ఆ రోజుల్లోనే పేపర్లో ఎక్కడో విదేశీ దంపతులు మన దేశం వచ్చి, డబ్బిచ్చి ఒకావిడ చేత బిడ్డను మోయించుకున్నారని వార్త పడింది. అది పట్టుకుని "ఒడి"లో ఎవరో చర్చ మొదలుపెట్టారు. అద్దె గర్భం ధర్మమా, కాదా అని. నాకు ఇదంతా తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా అక్క మారిపోవడమే.

ఆదివారం వచ్చేది, కింద కూర్చునేది, కానీ కథలు చెప్పేది కాదు. ఒకసారి, "ఒకటడగనా ప్రియా? యశస్వి కడుపులో ఉన్నప్పుడు నీకెలా ఉండేది?" అంది.

"ఎలా ఉంటుంది, వాంతులు."

"అది కాదే. ప్రేమ... అది ఎప్పుడు మొదలైంది?"

"కదలడం మొదలెట్టాక, అనుకుంటా."

"ఇప్పుడూ అలాగే ఉందా?"

నేను అక్క దగ్గర చిన్నప్పట్నుంచీ అబద్ధం చెప్పలేదు. "తంతే బాగుంటుందక్కా. లేకుండా ఎలా ఉంటుంది? తిండి సయించకపోయినా దీని కోసమని తింటున్నా కదా" అన్నాను.

అక్క నా పొట్ట మీంచి చెయ్యి మెల్లగా తీసుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. ఎండకనే అనుకున్నాను.

అప్పుడే యశస్వి వచ్చి, "తమ్ముడు పుడితే నా పక్కన పడుకోబెట్టుకుంటా" అంది. అది రోజూ అనే మాటే. అక్క దాన్ని దగ్గరికి లాక్కుని, నవ్వుతూనే, "తమ్ముడు కాదమ్మా. పెద్దమ్మ బాబు. పెద్దమ్మ ఇంట్లో పడుకుంటాడు" అంది. ఆ నవ్వు నాకు బాగా అనిపించలేదు. పెద్దమ్మ కొడుకైతే మాత్రం తమ్ముడు కాకుండా పోతాడా అనుకున్నాను గానీ, అనలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూర్చున్నారు. మంచినీళ్ళిస్తే తాగలేదు.

"బాలస్వామి గారు అడిగారు" అన్నారు. బాలస్వామి గారు ఆయనకి సీనియరు, ప్యాకింగ్ సెక్షన్లో. "వాళ్ళ కోడలు హైదరాబాదులో ఉంటుందిగా. నెట్‌లో ఏదో చదివిందంట. పేటలో చెల్లెలు, సిమెంటు ఫ్యాక్టరీలో మరిది, రెండో తరగతి చదివే కూతురు. ఇవన్నీ చెప్పి, 'మీరేనా నవీన్‌బాబూ?' అన్నాడు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? నవ్వుతూనే అడిగాడు ప్రియా. అద్దె ఏమాత్రం ముట్టిందన్నాడు. పక్కన నలుగురున్నారు."

అత్తయ్య గుమ్మంలో నిలబడి వింటోంది. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళి, బకెట్లకి బకెట్లు నీళ్ళు తల మీద గుమ్మరించుకున్నారు. మర్నాటి నుంచీ టీ తాగడానికి నలుగురిలోకి వెళ్ళడం మానేశారు. నన్ను ఒక్కమాట కూడా అనలేదు. అనుంటే తేలిగ్గా ఉండేది.

మా బస్టాండు పక్కన సొలొమోను గారి జిరాక్స్ షాపు ఉంది. అందులో రెండు కంప్యూటర్లు పెట్టి నెట్ కూడా నడిపేవాడు. యశస్విని వెంటబెట్టుకుని మధ్యాహ్నం అక్కడికి వెళ్ళాను. ఆయన నా అవతారం చూసి, గబగబా కుర్చీ లాగి, "కూర్చోండమ్మా, ఫ్యాను ఇటు తిప్పుతా. ఏం చూడాలి, రిజల్ట్సా?" అన్నాడు. ఒడి అని ఒకటుంది, తెలుగులో, అన్నాను. వెతికి తీసిపెట్టి, తనకి సంబంధం లేనట్టు అవతలకి వెళ్ళి కాగితాలు సర్దుకున్నాడు.

చాలా ఉంది. చదవగా చదవగా ఇంకా ఉంది. మొదట్లో అంతా పెద్దపెద్ద మాటలు. ఇది త్యాగమని కొందరు. వ్యాపారమని కొందరు. పేదవాళ్ళ కడుపులు కొనుక్కోవడమని ఒకామె చాలా బాధగా రాసింది, అందులో నిజం ఉందనిపించింది. పిల్లల్లేని బాధ మీకేం తెలుసని ఇంకొకామె ఏడుస్తూ రాసింది, అదీ నిజమే. ఎవరూ చెడ్డవాళ్ళుగా కనబడలేదు. అందరూ ఎవరికి తగిలిన దెబ్బ గురించి వాళ్ళు చెప్పుకుంటున్నారు.

మధ్యలో నందివర్ధనం రాసింది. మాకు డబ్బు ప్రసక్తి లేదు, నా సొంత చెల్లెలు మోస్తోంది అని. అక్కణ్ణుంచి చర్చ మా ఇంటి మీదికి తిరిగింది. నన్నెప్పుడూ చూడనివాళ్ళు నా గురించి తెలిసినట్టు రాస్తున్నారు. సొంత చెల్లెలయితేనే ప్రమాదం అని ఒకరు. ఆవిడకి ఉన్నది ఆడపిల్లేగా, మగబిడ్డ పుడితే వదులుతుందా అని ఇంకొకరు. మరిది ఏం చేస్తాడు, ఇల్లు గడవక ఒప్పుకున్నాడా అని అడిగితే, అక్క ఆయన పరువు కాపాడదామనే, కాదండీ, సిమెంటు ఫ్యాక్టరీలో మంచి ఉద్యోగం అని రాసింది. ఏ ఊరంటే ఊరు చెప్పింది. అడిగినవాళ్ళు మంచిగానే అడిగారు. అక్క మంచిగానే చెప్పింది.

తర్వాత సలహాలు. "బిడ్డను ఆమెకు చూపించకండి." "ఒక్కసారి పాలు పట్టిందంటే ఇక అంతే." "ఆమె కళ్ళు తెరిచేలోపు తీసుకెళ్ళిపోండి, అదే ఇద్దరికీ మంచిది."

వాటి కింద అక్క రాసింది ఒకటుంది. అది ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నాకు భయంగా ఉంది. మొన్న నేను వంటింట్లోంచి వస్తుంటే తను పొట్ట మీద చెయ్యేసుకుని నవ్వుకుంటోంది. నా బిడ్డతో తను నవ్వుతోంది. నేను గుమ్మంలో నిలబడిపోయాను."

ఆ తర్వాత వాగ్దేవి అని సొంత పేరుతోనే రాసే ఒకావిడ, ఆ వేదిక నడిపేది ఆవిడేనట, ఒకే ఒక్క వాక్యం అడిగింది. "ఆ చెల్లెలు ఎలా ఉందో ఎవరైనా అడిగారా?"

దానికి జవాబు లేదు. కింద మళ్ళీ సలహాలే.

"ఏమైనా రాస్తారా అమ్మా? తెలుగులో కొట్టడం చూపిస్తా" అన్నాడు సొలొమోను గారు. వద్దన్నాను. ఇంటికి నడుస్తుంటే యశస్వి ఐసు కొనమంది. కొనిచ్చాను. లోపల బిడ్డ ఒకటే తన్నడం. పొట్ట మీద చెయ్యి వేసుకోబోయి, దింపేసుకున్నాను.

తర్వాతి ఆదివారం అక్క వచ్చినప్పుడు, నేను చదివానని చెప్పలేదు. "బాలస్వామి గారికి తెలిసిపోయిందక్కా" అన్నాను. ఆయన అన్నమాట చెప్పాను.

అక్క ముఖం పాలిపోయింది. "నేను ఎవరి పేరూ రాయలేదే!"

"పేరు రాయలేదు. ఊరు రాశావంటగా. ఫ్యాక్టరీ రాశావంటగా."

అక్క వెక్కుతూ, "నాకు అక్కడ తప్ప ఇంకెక్కడుందే మాట్లాడుకునే చోటు? మీ బావ అసలు నోరు విప్పడు. నీ దగ్గర నీ గురించి భయపడుతున్నానని నీకే ఎలా చెప్పను?" అంది.

"నాకే చెప్పాల్సింది."

అక్క తల వంచుకుంది. నేను తన చెయ్యి తీసుకుని నా పొట్ట మీద పెట్టాను. "చూడక్కా, ఒక్కటే అడుగుతున్నా. పుట్టగానే ఒక్కసారి నా చేతికివ్వు. నేనే నీ ఒళ్ళో పెడతా. నా చేత్తో పెడితే నాకు తృప్తిగా ఉంటుంది. తర్వాత నీ ఇష్టం, పిలిస్తే వస్తా, పిలవకపోతే రాను."

"అలాగేనే" అంది అక్క. "నా తల్లివి కదూ. అలాగే." మనస్ఫూర్తిగానే అంది. నేను ఇప్పటికీ అలాగే నమ్ముతున్నాను.

జూన్ మొదట్లో నాకు కాళ్ళు నీరు పట్టాయి. బీపీ పెరిగిందని, ఆగకూడదని, విజయవాడలో చేర్చారు. నడుముకి ఇచ్చే మత్తు పనికిరాదని పూర్తి మత్తిచ్చి ఆపరేషన్ చేశారు. నేను కళ్ళు తెరిచేసరికి కిటికీ అవతల ఆకాశం మబ్బు పట్టి ఉంది. మంచం పక్కన మా ఆయన, కాళ్ళ దగ్గర అత్తయ్య.

"పాప" అన్నారాయన. "బాగుంది."

"ఏదీ?"

ఆయన అత్తయ్య వైపు చూశారు. "బావగారు పిల్లల డాక్టరుకి చూపించాలన్నారు. తీసుకెళ్ళారు."

"అక్క?"

"ఆవిడా వెళ్ళింది."

"ఎప్పుడొస్తారు?"

ఆయన దుప్పటి అంచు సర్దారు. నాకు దాహంగా ఉందన్నాను. ఇప్పుడే తాగకూడదని, నర్సు దూది తడిపి పెదవుల మీద అద్దింది.

చాలాసేపటికి అత్తయ్య వంగి, ఎవరికీ వినబడకుండా, "నేను చూశాలే" అంది. "తలనిండా జుట్టు. మీ అమ్మ నుదురొచ్చింది. ఏడుపు కూడా గట్టిగానే ఏడ్చింది. బట్టల సంచీ మోసుకుంటూ మెట్లు దిగుతూ మీ అక్క వెనక్కి తిరిగి ఈ గది వైపే చూసింది. మీ బావ చెయ్యి పట్టి దింపాడు."

మా అమ్మ పోయి అప్పటికి పదేళ్ళు. ఆ నుదురు ఎలా ఉంటుందో కళ్ళు మూసుకుని తెచ్చుకుందామంటే, మత్తులో సరిగా రాలేదు.

పేటకి వచ్చాక పాలు పడ్డాయి. పాలు ఆగడానికి ఆస్పత్రిలో మాత్రలిచ్చారు గానీ అవి పనిచెయ్యలేదు. జాకెట్టు తడిసిపోయేది. రాళ్ళు కట్టినట్టు బరువు, సలుపు, జ్వరం. పక్కింట్లో పసిపిల్లాడు ఏడిస్తే చాలు, నా ప్రమేయం లేకుండా కారిపోయేవి. పెరటి గోడ దగ్గర నిలబడి పిండుకునేదాన్ని.

ఒకరోజు అత్తయ్య మైలవరం నుంచి పూలు తెచ్చి అమ్మే దుర్గాంబని పిలిచి, గంపలో ఉన్న మల్లెపూలు మొత్తం తీసేసుకుంది. తలుపు వేసి, నన్ను మంచం మీద కూర్చోబెట్టి, పూలు దోసిళ్ళతో రొమ్ముల మీద పరిచి, పాత చీర చింపి గట్టిగా కట్టింది. "మా అమ్మ కట్టింది నాకు, మీ ఆయన కంటే ముందు ఒకడు పుట్టి పోయినప్పుడు" అంది ముడి వేస్తూ. ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడ నాకు ఎప్పుడూ చెప్పలేదు. "పూలకి పాలు ఇంకిపోతాయి. ఓర్చుకో అమ్మాయ్."

యశస్వి తలుపు సందులోంచి చూసి, "అమ్మా, పూలు తల్లో పెట్టుకోవాలి కదా?" అంది. అత్తయ్య దాన్ని తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

పూలు వాడేవి, మార్చేది. అలా వారం పైన జరిగింది. మెల్లగా పాలు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. నందిగామ నుంచి ఫోను లేదు. బారసాల అయిందని ఎవరో చుట్టాలు చెప్పారు.

తొలకరి పడి వీధంతా బురదగా ఉన్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం గొడుగు ముడుచుకుంటూ ఒకావిడ మా గుమ్మంలో నిలబడింది. నలభై ఏళ్ళుంటాయి. కాలేజీ లెక్చరరు, విజయవాడ. "నా పేరు వాగ్దేవి. ఒడి అని..." అంది. అక్కకి ఆవిడ ముందునుంచీ స్నేహితురాలేనట. మా ఇంటి గుర్తులు ఎప్పుడో అక్కే చెప్పిందట.

నేను లోపలికి రమ్మనేలోపే అత్తయ్య అడిగింది. "మీరేనా ఆ కంప్యూటర్లో మాట్లాడుకునేవాళ్ళు?"

"అవునండి."

"మా కోడలు పాలు పిండి గోడకేసి పోసింది. అది కూడా రాసుకోండి."

వాగ్దేవి గారు చెప్పులు విప్పబోతూ ఆగిపోయారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను కుర్చీ వేసి కూర్చోబెట్టాను. పాప పుట్టిందనీ, మీ అందరి సలహా ప్రకారమే చేశాననీ నందివర్ధనం రాసిందట. అందరూ అభినందనలు చెప్పారట. ఆవిడకి మాత్రం నిద్ర పట్టలేదట.

"నేను అడిగానండీ ఒక మాట, మీరెలా ఉన్నారని. ఎవరూ పలకలేదు. నేనూ వదిలేశాను. నడిపేదాన్ని నేను, ఆపాల్సింది నేను. ఆ చర్చ మొత్తం తీసేస్తాను. అది చెప్పి వెళ్దామనే వచ్చాను."

నేను ఆలోచించాను. "తీసేస్తే మా అక్క ఎక్కడ మాట్లాడుకుంటుందండీ? మా ఊరి పేరు, ఫ్యాక్టరీ సంగతి తీసెయ్యండి చాలు."

"అంతేనా?"

"ధర్మమా కాదా అని మాట్లాడుకోవడం తప్పని నేననను. అక్కడ పేదవాళ్ళ గురించి ఒకావిడ రాశారు, బాగా రాశారు. నాకేదో అక్క కాబట్టి సరిపోయింది. డబ్బుకి ఒప్పుకున్నావిడ ఏం చెప్పుకోగలదు? అలాంటివన్నీ మాట్లాడుకోవాలి. కానీ ఒక ఇంటి సంగతి వచ్చినప్పుడు, ఆ ఇంట్లో ఒక్కళ్ళు చెప్పింది విని, రెండోవాళ్ళని ఏం చెయ్యాలో చెప్పకూడదండీ. నేను అక్క ఒళ్ళో పెడదామనుకున్నా. వాళ్ళు తీసుకెళ్ళారు. మీకు రెండూ ఒకటేలా కనబడొచ్చు."

"కనబడవు" అన్నారావిడ మెల్లగా. తర్వాత, "మీరే రాయకూడదూ ఈ మాట? అందరూ చదువుతారు" అన్నారు.

"నాకు అందరూ వద్దండి. అక్క వింటే చాలు."

అత్తయ్య కాఫీ తెచ్చి ఆవిడ చేతికిచ్చింది. తాగి వెళ్ళమంది.

ఆ తర్వాత కొద్దిరోజులకే, పొద్దున్నే, ఫోను మోగింది. నేనే తీశాను. అవతల పసిబిడ్డ ఏడుపు. దాని మీదుగా అక్క గొంతు.

"ప్రియా, తాగట్లేదే. డబ్బాపాలు పడట్లేదు. పట్టిందల్లా కక్కేస్తోంది. డాక్టరు మూడుసార్లు పాలు మార్పించాడు. ఎండిపోతోందే పిల్ల. నువ్వు రావే."

మా ఆయన్ని అడిగితే, ఆయన చొక్కా వేసుకుంటూ, "వెళ్ళు" అని, బస్సు దాకా దింపారు. అత్తయ్య యశస్వి చిన్నప్పటి ఉగ్గుగిన్నె వెతికి తోమి నా సంచిలో వేసింది. చిల్లకల్లు దాటాక వాన పట్టుకుంది. నందిగామ దాకా అద్దాల్లోంచి ఏమీ కనబడలేదు.

బావ తలుపు తీసి, నా ముఖం చూడలేక పక్కకి తప్పుకున్నాడు. అక్క చిక్కి సగమైంది. జుట్టు దువ్వుకుని ఎన్నాళ్ళైందో. గుమ్మంలోనే పాపని నా చేతుల్లో పెట్టేసింది. "సంహిత అని పెట్టాం" అంది.

ఏమీ బరువు లేదు. నుదురు మా అమ్మదే. ఏడ్చి ఏడ్చి గొంతు రాసుకుపోయింది. నేను ఎత్తుకోగానే తల తిప్పి, చీర మీదే నోరు తెరిచి వెతుక్కోవడం మొదలుపెట్టింది. గుడ్డని చప్పరించింది. వదిలి మళ్ళీ వెతికింది.

అక్క చూసింది. "పట్టవే" అంది. "ప్రియా, నేనేమీ అనుకోను. పట్టవే."

"లేవక్కా" అన్నాను. "ఎండిపోయాయి."

అక్కకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే గోడకి జారి కూర్చుంది. బావ బయటికి వెళ్ళిపోయాడు.

ఎదురింట్లో ఆవు ఉంది. పాలు తెప్పించి, నీళ్ళు కలిపి కాచి, చల్లార్చాను. కాళ్ళు చాపుకుని పాపని పడుకోబెట్టుకుని, ఉగ్గుగిన్నె అంచు కింది పెదవికి ఆనించి, చుక్క చుక్క పోశాను. మొదట కారిపోయింది. తర్వాత ఒక గుటక వేసింది. ఇంకొకటి. అక్క ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"ఇప్పుడు నువ్వు పట్టు" అన్నాను.

"నా వల్ల కాదే."

"అవుతుంది. కాళ్ళు చాపు. తల కొంచెం ఎత్తులో ఉండాలి. తొందరపడకు, మింగాక పొయ్యి."

పాపని తీసి అక్క ఒళ్ళో పెట్టాను. అక్క పోసింది పాప చెంప మీదికి కారింది, గిన్నె నా చేత్తో కాసేపు పట్టుకున్నాను. తర్వాత వదిలేశాను. పాప గుటకలు వేస్తూనే ఉంది. సగం గిన్నె తాగి, కక్కకుండా, అక్క కాళ్ళ మీదే నిద్రపోయింది.

నిద్రపోతున్న పిల్ల మీంచి కళ్ళు తియ్యకుండా అక్క అంది, "ఆ రోజు నేను... వాళ్ళందరూ అలా చెబుతుంటే..."

"చదివానక్కా."

"ఎంతవరకూ?"

"అంతా."

అక్క తలెత్తకుండానే, "నవ్వుకున్నావని రాశాను. అది కూడానా?"

"అదీ చదివా. అబద్ధం రాయలేదుగా నువ్వు. నవ్వాను."

వాన తగ్గింది. సాయంత్రం దాకా ఉండి, ఇంకో రెండుసార్లు అక్క చేతే పట్టించాను. మూడోసారి నా సాయం అడగలేదు. చెయ్యి కుదురుకుంది. పాప అక్క వేలు పట్టుకుని తాగింది. ఉగ్గుగిన్నె అక్కడే ఉంచేసి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని లేచాను.

మా ఇళ్ళలో ఎవరూ వెళ్ళేటప్పుడు వెళ్తున్నా అనరు. వెళ్ళొస్తా అనాలి. చిన్నపిల్లలు తెలియక అన్నా, పెద్దవాళ్ళు వెంటనే ఆపి, అలా కాదు, వెళ్ళొస్తా అను అని అనిపిస్తారు.

గడప దిగి, "వెళ్తున్నా అక్కా" అన్నాను.

అక్క పాపని భుజాన వేసుకుని తలుపు పట్టుకుని నిలబడింది. నా వైపే చూస్తోంది. వెళ్ళొస్తా అను అని ఆపలేదు.